ఒకటి నొక్కండి

పెట్టెను ఎక్కడ బిగించాలన్నదాని మీదే సగం పొద్దు గడిచింది.

తలుపు పక్కన అన్నాడు పెద్దన్నయ్య. కిటికీ పైన అన్నాడు బావ. అమ్మను ఎవరూ అడగలేదు. చివరకు బిగించడానికి వచ్చిన మనిషి నెట్ వైరు ఎంతవరకు అందితే అక్కడ, గడియారం కింద, రెండు మేకులు కొట్టి తగిలించేశాడు. అతను ఎక్కిన స్టూలు ఊగకుండా చిన్నోడు పట్టుకున్నాడు.

చిన్నోడంటే మరీ చిన్నవాడు కాదు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఇంట్లో అందరికంటే ఆఖరున పుట్టాడు కాబట్టి ఆ పేరు అలాగే ఉండిపోయింది. అమ్మ ఉండేది అతని దగ్గరే.

పెట్టె అరచేతికన్నా కాస్త పెద్దది. తెల్లగా ఉంది. మధ్యలో ఆకుపచ్చ దీపం. తలుపు చట్రానికి ఒక బిళ్ళ, పొయ్యి దగ్గర ఒక బిళ్ళ, వంటింట్లో సింకు కింద నేల మీద ఒక బిళ్ళ. తలుపు తెరుచుకున్నా, గ్యాస్ వాసన వచ్చినా, నేల మీద నీళ్ళు నిలిచినా ఆ బిళ్ళలు పెట్టెకు చెబుతాయి. పెట్టె నెట్ మీద ఫోన్లు చేస్తుంది.

"ఒకరి తర్వాత ఒకరికి చేస్తుంది సార్," అన్నాడు బిగించిన మనిషి చేతులు దులుపుకుంటూ. "ఎత్తినవాళ్ళు ఒకటి నొక్కాలి. ఒకటి నొక్కారంటే, నేను చూసుకుంటాను అని చెప్పినట్టు. ఇంక ఎవరికీ చేయదు. ఇంట్లో ఉన్నవాళ్ళకు కూడా, మీవాళ్ళు చూసుకుంటున్నారు అని ఇదే చెబుతుంది. నొక్కకపోతే కింది నంబరుకు పోతుంది."

"అంటే ఎవరో ఒకరు నొక్కేదాకా వదలదన్నమాట." పెద్దన్నయ్య మెచ్చుకోలుగా పెట్టెను తట్టాడు.

"వదలదు. నంబర్లు చెప్పండి. ముందు ఎవరిది?"

"పెద్దవాణ్ణి నేనుండగా ఇంకెవరిది?"

అది కొన్నది పెద్దన్నయ్యే. మొన్న అమ్మ కుళాయి కట్టడం మరిచిపోతే నీళ్ళు కిందికి దిగి దర్జీ కొట్లో గుడ్డలు తడిశాయి. ఆ మాట విన్న మర్నాడే కొన్నాడు. పెట్టెను నడిపేది కూడా అతని ఫోనులోంచే. పాస్‌వర్డు అతనికొక్కడికే తెలుసు. అతని ఆఫీసు ఊరికి ఆ చివర. అక్కడి నుంచి ఇక్కడికి రావాలంటే బస్సు మారాలి.

"రెండోది?"

"బావది పెట్టు. ఇంటి అల్లుడు. కింద పెడితే ఏం బాగుంటుంది?"

"నాకెందుకులేవయ్యా," అంటూనే బావ తన నంబరు రెండుసార్లు చెప్పాడు. అతనికి కుడి చెవి సరిగ్గా వినబడదు.

"తర్వాత చిన్నోడిది. అంతే."

అందరికీ కాఫీలు తెచ్చిన చిన్నోడి భార్య పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడింది. "మరి నాది?"

"నువ్వూ వాడూ ఒకటే కదమ్మా," అన్నాడు పెద్దన్నయ్య, ఎంతో ఆప్యాయంగా.

ఆమె నవ్వి వంటింట్లోకి వెళ్ళింది. చిన్నోడు ఖాళీ గ్లాసులు తీసుకుని వెనకాలే వెళ్ళాడు.

"ఒకటేనట," అంది ఆమె సింకు దగ్గర, వెనక్కి తిరగకుండా. "మాత్రలు ఇచ్చేటప్పుడు, కాళ్ళకు నూనె రాసేటప్పుడు ఇద్దరం. నంబరు దగ్గరికొచ్చేసరికి ఒకటి."

"అన్నయ్య మంచికే చేశాడు."

"కాదన్నానా?"

హాల్లో అందరూ వెళ్ళిపోయాక అమ్మ కుర్చీలో కూర్చుని పెట్టెను చాలాసేపు చూసింది. "రెప్ప వేయదేంట్రా ఇది?" అంది.

*

చిన్నోడు పనిచేసేది ఆసుపత్రి బట్టలు ఉతికే చోట. ఇంటికి రెండు వీధుల అవతల. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ అంగీలు బండ్ల మీద వస్తాయి. ఉతికే మిషన్లు అటువైపు. నీళ్ళు పిండే మిషను మధ్యలో. ఇస్త్రీ రోలరు ఇటువైపు. రోలరు లోపల ఆవిరి తిరుగుతుంటుంది. తడి దుప్పటిని ఇద్దరు చెరో మూల పట్టి, గట్టిగా లాగి, అంచు వంకర పోకుండా దానికి అందించాలి. ఒకరు లాగి ఒకరు వదిలితే దుప్పటి లోపల ముడుచుకుపోతుంది. ముడుచుకున్నచోట మాడుతుంది.

చిన్నోడికి ఎదురు మూల పట్టేవాడు రేడియో. నోరు మూయడు కాబట్టి ఆ పేరు. అసలు పేరు మేస్త్రీ కూడా మరిచిపోయాడు.

ఫోన్లు దగ్గర ఉంచుకోకూడదు. ఒకసారి ఎవరి ఫోనో దుప్పట్లో చుట్టుకుని మిషన్లోకి పోయింది. అప్పటి నుంచి మేస్త్రీ గోడకు ఒక చెక్క కొట్టించాడు. ఫోన్లన్నీ దాని మీద వరసగా ఉంటాయి. మిషన్ల చప్పుడులో మోత వినబడదు. వెలుగు వస్తే చూసుకోవాలి.

"ఏంట్రా, ఊరికే అటు చూస్తావు?" అన్నాడు రేడియో. "సంబంధాలు గానీ వస్తున్నాయా ఈ వయసులో?"

"ఇంట్లో పెట్టె పెట్టారు."

"ఏం పెట్టె?"

చిన్నోడు చెప్పాడు. దుప్పటి వెనక దుప్పటి అందిస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. రేడియో విని, "నువ్వెన్నోవాడివి?" అన్నాడు.

"ఆఖరు."

"ఇంకేం, నక్క తోక తొక్కావు. నీదాకా రానే రాదు. హాయిగా ఉండు."

"రాకపోతే ఎలా తెలుస్తుంది?"

"ఏం తెలియాలి?"

"అసలు ఏమీ కాలేదో, అయితే పైవాళ్ళెవరో ఒకటి నొక్కేశారో."

రేడియో దుప్పటి మూల లాగాడు.

అదే చిన్నోడి గుండెలో ముల్లులా ఉండిపోయింది. పెట్టె లేనప్పుడు ఇంత భయం లేదు. అమ్మ ఇంట్లో ఉంది, తను పనిలో ఉన్నాడు, సాయంత్రం వెళ్తాడు. ఇప్పుడు చెక్క మీద ఫోను నల్లగా పడుకుని ఉంటే దాన్ని నమ్మాలో వద్దో తెలియడం లేదు. టీకి వదిలినప్పుడు చేతులు తుడుచుకోకుండానే ఇంటికి ఫోను చేసేవాడు. చాలాసేపు మోగేది. మోగినంతసేపూ అతను గోడకున్న పెచ్చు గోళ్ళతో గిల్లుతుండేవాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నీ ఫోను ఎత్తడానికి లేచాను. ఇప్పుడు మళ్ళీ కూర్చోవాలి. మోకాలు నీదా నాదా?"

"ఊరికే చేశా."

"పొద్దున కూడా ఊరికే చేశావు."

సాయంత్రం పెద్దన్నయ్య ఫోను వచ్చేది.

"ఇవాళ మళ్ళీ మళ్ళీ మోగిందిరా. అమ్మ అస్తమానం తలుపు ఎందుకు తీస్తుంది?"

"గాలి కోసం తీస్తుంది. మెట్ల మీద ఎవరైనా వెళ్తుంటే పలకరిస్తుంది."

"నేను పెద్ద మీటింగులో ఉన్నా. అది ఊరుకుంటుందా? ఒకటి నొక్కేదాకా ప్రాణం తీస్తుంది. నొక్కేశా."

"నొక్కి?"

"నొక్కి ఏంటి? తలుపే కదా."

మాట కూడగట్టుకోవడానికి చిన్నోడికి ఎప్పుడూ టైము పడుతుంది. "అన్నయ్యా, నా నంబరు ముందు పెడితే? నేను దగ్గర్లోనే ఉంటాగా."

"నువ్వు మిషను దగ్గర ఉంటావు. ఎత్తుతావా? అయినా ఇప్పుడు బావను కిందికి దింపితే ఏమనుకుంటాడు? నీకెందుకు, నేను చూసుకుంటాగా."

బావ సంగతి వేరు. ఒకరోజు పెద్దన్నయ్య ఫోనులో ఛార్జింగ్ అయిపోయి పెట్టె బావకు చేసింది. అందులో వినబడే ఆడగొంతు అమ్మ చెల్లెలి కూతురిదనుకున్నాడట బావ. "బాగున్నావామ్మా, పిల్లలు బాగున్నారా?" అని అడిగాడట. అది "ఒకటి నొక్కండి" అంటే, "నొక్కడమెందుకమ్మా, ఇంటికే రండి," అన్నాడట. తర్వాత పెట్టె చిన్నోడికి చేసింది. చెక్క మీద వెలుగు చూసి చిన్నోడు దుప్పటి రేడియో మొహాన వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. తీరా చూస్తే అమ్మ గుమ్మంలో నిలబడి ఎదురింటావిడతో మాట్లాడుతోంది.

"ఎందుకురా రొప్పుతున్నావు?" అంది అమ్మ.

"ఏమీ లేదు. దారిలో వెళ్తూ వచ్చా."

ఆమె అతని చేతుల వంక చూసింది. వేళ్ళు తడిసి నానిపోయి ఉన్నాయి. తిరిగి వెళ్ళేసరికి మేస్త్రీ రోలరు దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"ఇంకోసారి చెప్పకుండా పోయావంటే పిండే మిషను దగ్గర పడేస్తా. అక్కణ్ణుంచి ఫోన్లు కనబడవు."

ఆ మాటకు చిన్నోడు నిజంగా భయపడ్డాడు.

*

ఇంకొన్ని రోజులకు ఒక మధ్యాహ్నం బండ్లు ఎక్కువ వచ్చాయి. చిన్నోడు తలెత్తినప్పుడల్లా చెక్క వంక చూశాడు. ఏ వెలుగూ లేదు.

రేడియో ఏదో చెబుతూ మధ్యలో ఆగాడు. "ఎవరో నీకోసమే అనుకుంటా."

గుమ్మంలో కింద కొట్టు దర్జీ నిలబడి ఉన్నాడు. మెడలో టేపు అలాగే ఉంది. చొక్కా ఒక భుజం తడిసి ఒంటికి అంటుకుంది. పెద్దమనిషి, ఎప్పుడూ పరిగెత్తినవాడు కాదు. రొప్పుతున్నాడు.

"మీ ఇంట్లోంచి మళ్ళీ నీళ్ళు," అన్నాడు. "పైకెళ్ళి తలుపు కొట్టా. పెద్దావిడ పలకడం లేదు. నీ నంబరు నా దగ్గర లేదయ్యా."

చిన్నోడు చేతిలో మూల వదిలేశాడు. దుప్పటి చుట్టుకుపోతూ రోలరులోకి వెళ్ళింది. రేడియో ఎర్ర కడ్డీ మీద చెయ్యేసి మిషను ఆపాడు. "నువ్వు పోరా. మేస్త్రీకి నేను చెబుతా."

చెక్క మీద నుంచి ఫోను అందుకుని చూశాడు. ఏ ఫోనూ రాలేదు. పెట్టె చేయలేదు. చేయలేదంటే ఏమీ కాలేదేమో. ఆ ఆలోచన ఒక్క క్షణం అతన్ని ఆపింది కూడా. తర్వాత దర్జీ భుజం మీది తడి చూసి పరిగెత్తాడు.

మెట్ల మీదికి నీళ్ళు రాలేదు. అది చూసి ధైర్యం తెచ్చుకోబోయాడు. తాళంచెవి కన్నంలో పట్టలేదు. దర్జీ వెనక నుంచి అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. అప్పుడు పట్టింది.

హాల్లో అంతా మామూలుగా ఉంది. గడియారం నడుస్తోంది. దాని కింద పెట్టె ఆకుపచ్చగా, ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది. వంటింట్లోంచి కుళాయి చప్పుడు.

అమ్మ నేల మీద అల్మరాకు వీపు ఆనించి కూర్చుని ఉంది. కాళ్ళు నీళ్ళల్లో ఉన్నాయి. ఎడమ చెయ్యి కుడి చేత్తో ఒడిలో పట్టుకుంది, పసిపిల్లను పట్టుకున్నట్టు. పెదవులు తెల్లబడ్డాయి. సింకు నిండి అంచు మీంచి సన్నగా కారుతోంది.

"వచ్చావా," అంది. గొంతు సరిగ్గా రాలేదు. "ముందు కుళాయి కట్టు. కింద దర్జీ తిడతాడు."

"తిట్టనులెండి," అన్నాడు దర్జీ గుమ్మంలోంచి. అతనే వచ్చి కట్టాడు.

చిన్నోడు నీళ్ళల్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె పాదాలు పట్టుకున్నాడు. చల్లగా ఉన్నాయి. "ఎప్పుడు పడ్డావు? కేక వేయలేకపోయావా? కిందికి వినబడేది కదా."

"వేద్దామనే అనుకున్నా. ఇంతలో అది మాట్లాడింది." గడ్డంతో హాలు వైపు చూపించింది. "మీవాళ్ళు చూసుకుంటున్నారు అంది. సరే, ఎవరో వస్తున్నారు కదా, కేకలు వేసి వీధిని పోగెయ్యడం ఎందుకని ఊరుకున్నా. తర్వాత తలుపు కొడితే పలికా గానీ గొంతు రాలేదు. చాలాసేపు పట్టింది నీకు."

చిన్నోడు ఆమె పాదాలు అరచేతులతో రుద్దుతూ ఉండిపోయాడు. దర్జీ గోడవైపు తిరిగాడు.

*

చెయ్యి విరగలేదు. మణికట్టు బెణికింది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చేసరికి చీకటి పడబోతోంది. పక్క వీధి చెప్పుల దుకాణంలో పనిచేసే భార్య సెలవు చెప్పి వచ్చేసింది. అమ్మకు పొడి చీర కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళకు దుప్పటి చుట్టింది. పెద్దన్నయ్య, బావ కలిసే వచ్చారు.

పెద్దన్నయ్య గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. "నేల మీద పట్టా వేయమని ఎప్పటి నుంచో చెబుతున్నా. ఒక్కరూ వినరు. సింకులో గిన్నెలు పెట్టి కుళాయి వదిలేస్తే ఏమవుతుంది? ఆవిణ్ణి ఒంటరిగా వంటింట్లోకి ఎందుకు వెళ్ళనిస్తారు?"

చిన్నోడి భార్య గోడకున్న పెట్టెను చూస్తోంది.

"ఇవాళ ఒకటి నొక్కింది ఎవరు?" అంది.

పెద్దగా అనలేదు. వంటింట్లో ఎంత ఉప్పు ఉందని అడిగినట్టు అడిగింది.

బావ ఎడమ చెవి ఇటు తిప్పాడు. "ఏంటమ్మా?"

పెద్దన్నయ్య జేబులోంచి ఫోను తీశాడు. వేలితో పైకీ కిందికీ జరిపాడు. ఫోను జేబులో పెట్టబోయి, పెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"నేనే," అన్నాడు. "మెట్లు దిగుతున్నా. పక్కన ఆఫీసరు ఉన్నాడు. రోజూ లాగే తలుపనుకున్నా. చిన్నోడికి చేద్దామనుకుని… ఇంతలో ఎవరో పిలిచారు."

చిన్నోడు లేచాడు. అతను కోపంగా లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. "అమ్మ కేక వేయలేదు," అన్నాడు. "నువ్వు వస్తున్నావని కేక వేయలేదు. నీళ్ళల్లో కూర్చుంది." అంతకంటే చేతకాలేదు.

పెద్దన్నయ్య కుర్చీ దొరక్క మంచం అంచున కూర్చున్నాడు.

"వాణ్ణి ఏమీ అనకు," అంది అమ్మ. "ఒరేయ్ పెద్దోడా, ఈ వరస ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను."

"ఏం లెక్కన?"

"లెక్కేముంది. పెద్దవాణ్ణని నాది, తర్వాత బావది, తర్వాత…"

"పెద్దవాళ్ళ వరస అయితే మరి నన్నెందుకు వదిలేశారు? ఈ ఇంట్లో నీకన్నా పెద్దదాన్ని ఉన్నానుగా."

బావ పక్కున నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"అమ్మా, అసలు పెట్టె పెట్టిందే నీ కోసం," అన్నాడు పెద్దన్నయ్య. "నీకే ఫోను చేస్తే ఇంకెందుకది?"

"నా ఇంటి తలుపు తీసింది దొంగో నేనో ఆఫీసులో కూర్చున్న నీకు తెలుస్తుందా, నాకు తెలుస్తుందా? ముందు నన్ను అడగమను. బాగుంటే నేనే ఒకటి నొక్కుతా. మీ పనులు మీరు చూసుకోండి. నేను నొక్కలేదనుకో, అప్పుడు పరిగెత్తండి." కట్టు కట్టిన చెయ్యి దుప్పటి మీద సర్దుకుంది. "నాకు మోకాలు పోయింది. చేతికి దెబ్బ తగిలింది. బుర్ర ఎక్కడికీ పోలేదు."

చిన్నోడికి తను ఇన్ని రోజులూ ఫోను చేసి ఏం అడిగాడో గుర్తొచ్చింది. పెట్టెలో నీ నంబరు పెట్టమంటావా అని ఒక్కసారీ అడగలేదు. అన్నయ్యా అడగలేదు, తనూ అడగలేదు.

పెద్దన్నయ్య ఫోను తెరిచాడు. పాస్‌వర్డు ఒకసారి తప్పు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "చెప్పమ్మా. ముందు నీది. తర్వాత?"

"కింద దర్జీ."

"బయటివాడమ్మా!"

"ఇవాళ లోపలికొచ్చాడు. ఒక తాళంచెవి అతని దగ్గర పెట్టండి. తర్వాత కోడలు. తర్వాత చిన్నోడు."

చిన్నోడి భార్య తన నంబరు చెప్పింది. పెద్దన్నయ్య ఒక్కో అంకె పైకి చదువుతూ ఎక్కించాడు. ఆమె ఫోను నంబరు అతనికి ఇన్నేళ్ళుగా తెలియదు.

"నన్ను తీసెయ్యండి అత్తయ్యగారూ," అన్నాడు బావ. "ఆ అమ్మాయి నేను ఏం చెప్పినా వినిపించుకోదు."

"మీరు ఉండండి అల్లుడుగారూ. పాపం, దాన్ని బాగున్నావా అని అడిగింది మీరొక్కరే."

ఈసారి చిన్నోడి భార్య నవ్వింది. పెద్దన్నయ్య నవ్వలేదు. ఫోను మీదికి వంగి ఉన్నాడు.

"మరి నేను?" అన్నాడు.

ఆఫీసులో ఎంతమందికో పనులు చెప్పే మనిషి. చిన్నప్పుడు ఆటలోకి ఎవరూ పిలవకపోతే ఇలాగే అడిగేవాడేమో.

"నువ్వు ఆఖర్న," అంది అమ్మ. "నీదాకా వచ్చిందంటే ఇంకెవరూ దొరకలేదన్నమాట. అప్పుడు నువ్వు ఒకటి నొక్కకు. బయలుదేరు."

అతను తల ఊపాడు. వరస ఎక్కించడం అయిపోయాక కూడా ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు వంటింట్లోకి వెళ్ళాడు. నేల మీద ఇంకా కాస్త తడి ఉంది. పాత గుడ్డ ఒకటి తీసుకుని, ప్యాంటు మడిచి, వంగి తుడిచాడు. ఎవరూ వద్దనలేదు.

*

దర్జీ తన దగ్గర మిగిలిన గుడ్డముక్కతో చిన్న సంచి కుట్టి ఇచ్చాడు. నీళ్ళ మరక పడిన గుడ్డే. "ఎలాగూ అమ్ముడుపోదు," అన్నాడు. అమ్మ అందులో ఫోను పెట్టి మెడలో వేసుకుంది.

చిన్నోడు పనికి వెళ్ళాడు. మేస్త్రీ మాడిన దుప్పటిని అందరికీ కనబడేలా తలుపుకు వేలాడదీశాడు.

"నీ జెండా," అన్నాడు రేడియో. "చూసి నడుచుకో."

చెక్క మీద ఫోను పెట్టేటప్పుడు చిన్నోడు దాన్ని కొంచెం వంచి, రోలరు దగ్గరికి వెలుగు బాగా కనబడేలా ఆనించాడు. ఇప్పుడు అతని పైన ముగ్గురున్నారు. ముగ్గురూ దగ్గరివాళ్ళే. అయినా కళ్ళు మాట వినవు. మూల పట్టడం, లాగడం, చెక్క వంక చూడడం. మళ్ళీ మూల పట్టడం. మధ్యాహ్నం అయ్యేసరికి అతని మెడ పట్టేసింది. ఇంతసేపు ఏమీ లేదంటే అమ్మ తలుపు తీయలేదా? గాలి కోసం కూడా లేవలేదా? ఫోను సంచిలో ఉందా, మంచం మీద ఉందా?

వెలుగు వచ్చింది.

దుప్పటి లోపలికి పోయేదాకా ఆగాడు. ఆగడం కష్టమైంది. చేతులు అంగీకి తుడుచుకుంటూ వెళ్ళాడు. పెట్టె నంబరు కాదు. అమ్మ నంబరు.

"ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు. చప్పుడులో వినబడుతోందా?"

"వినబడుతోంది. చెప్పు."

"కింద దర్జీ కొట్లో కాసేపు కూర్చుందామని దిగుతున్నా. కోడలు అన్నానికి ఇంటికొచ్చింది, మెట్ల దాకా తోడు వచ్చింది. తలుపు తీశామా, అది నాకు మోగింది. తలుపు తెరుచుకుంది అంది. తెలుసమ్మా, నేనే తీశాను అన్నా. ఒకటి నొక్కా. ఊరుకుంది."

"మంచిది."

"నీకేమీ మోగదు. అది చెబుదామనే చేశా. మోగలేదని నువ్వు భయపడకు."

చిన్నోడు చెక్కకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "సరే. మెట్లు చూసుకుని దిగు," అన్నాడు.

"దిగుతాలే. నువ్వు నీ చేతులు చూసుకో."

ఫోను పెట్టేసింది. అతను దాన్ని వంచకుండా, అందరి ఫోన్ల పక్కన, వెలుగు కిందికి వచ్చేలా బోర్లా పెట్టాడు. వెనక్కి వచ్చేసరికి రేడియో తడి దుప్పటి ఒక మూల పట్టుకుని, రెండో మూల అతని వైపు చాపి ఉన్నాడు.

చిన్నోడు అందుకుని గట్టిగా లాగాడు.